గేటు మనిషి గుమ్మడి పాదు

గుణుపురం స్టేషనుకి ఇవతల, రెండో మలుపులో
పట్టాలకీ పిల్లకాలవకీ మధ్య
రైల్వే వాళ్ళు నాకు కొలిచిచ్చిన నేల
పద్దెనిమిది అడుగుల వెడల్పు. పొడవు, నా ఓపికంత.
ఏడాదికోసారి సంతకం, రసీదు,
రసీదు అడుగున ఒక షరతు:
పక్కా కట్టడం ఏదీ కట్టరాదు.

పక్కాగా నేనెప్పుడేం కట్టాను గనక.
వెదురు బద్దలు చీల్చాను.

కిందటి శీతాకాలం
నలభై క్యాబేజీ మొక్కలేస్తే ముప్పయ్యారు జల్లెడలయ్యాయి.
తెల్ల సీతాకోకలు ఆకు వెనక ఏం రాసి పోయాయో
పచ్చపురుగు లేచి చదివేదాకా నాకు తెలీలేదు.
టమాటాలు చిలకలకి. వంకాయలు కోతులకి.
తిన్నది పోనీ,
ఒక్క కొరుకు కొరికి పట్టాల మీదకి విసిరేస్తుందే,
అదీ నా కడుపుమంట.

అందుకని ఈసారి గూళ్ళు.
వంశధార ఒడ్డున కెవుటోళ్ళు పారేసిన వల, కిలో లెక్కన.
అరంగుళం పైపులు విల్లులా వంచి
రెండు కొసలూ ఇనపచువ్వలకి తొడిగి
పైన వల పరిచి, అంచు ఎగరకుండా
పట్టాల పక్కన రాలిన కంకర, రెండు తుప్పు ఫిష్‌ప్లేట్లు
(ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు వాటి మీద గోనె కప్పాను).

వల చాల్లేదు. ఆసుపత్రోళ్ళు ఎప్పుడో ఇచ్చిన
నీలం దోమతెర, ఉతికి ఉతికి మందు వాసన కూడా పోయినది,
దండెం మీంచి లాగాను.
"నన్ను దోమలకొగ్గీసి
వంకాయిలకి తెర కడతావేటి?" అంది దాలమ్మ.
అంటూనే దబ్బనం తెచ్చి
తెరకీ వలకీ కుట్టు తనే వేసింది,
నా కుట్టు చూడలేక.

మొదటి వారం పిల్లులొచ్చాయి.
వలని మూచూసి, చేపేదని
నా మొహంలోకి చూసి పోయాయి.
రెండో వారం ఒక జెర్రిపోతు చిక్కుకుంది.
కొడవలితో ఒక్కో కన్నూ కోస్తుంటే
వణికింది నా చెయ్యో దాని ఒళ్ళో.
విడిపించాక అది కాలవలోకి తిరిగి కూడా చూడలేదు.
ఆ చిరుగు దాలమ్మ కుట్టింది, ఏమీ అనకుండా.

ఇంక మిగిలింది గుమ్మడి.
అన్నిటికన్నా పెద్ద గూడు దానికే.
ఆకులు ఏనుగు చెవులు. పూలు పళ్ళేలు.
పిందె పడేది, గోలీకాయంత,
పసుపెక్కేది, రాలేది.
పేడనీళ్ళు పోశాను. బూడిద చల్లాను. రాలేది.
దిష్టేమోనని పాత చెప్పు కూడా కట్టాను, ఎవరితో అనకండి.

పక్క చెక్కలో కుంతలా మావుసి
ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగిస్తుంది ఏ మాటైనా.
గూడు చుట్టూ ఒకసారి తిరిగి
"మొహుమాఛి కాయిఁ, గేటుబాబూ?
తలుపేసుకున్న ఇంటికి సుట్టమెలా ఒస్తాడు?"

ఇరవై రెండేళ్ళుగా గేటు వేసేవాణ్ణి.
కాపలా తెలుసు గానీ కాపు సంగతి
నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు తెల్లారగట్ల పాసింజరు కూత వినగానే
అక్కడ గేటు దించి
ఇక్కడ వల అంచు పైకి చుడతాను.
బండి పోయేదాకా, ఆ తరవాత ఎండెక్కేదాకా,
పువ్వు ముడుచుకునేదాకా.
తేనెటీగలు వస్తాయి. వాటితో రానక్కర్లేనివీ వస్తాయి.
నిన్నొక పిగిలిపిట్ట లోపలికి దూరి
అంచు చాళ్ళో ఎర్రబడ్డ ఒకే ఒక్క టమాటాని
నా ఎదురుగానే పొడిచింది.
చేతిలో పచ్చజెండా ఉంది.
దాన్ని ఊపాలా మానాలా తేలకముందే ఎగిరిపోయింది.

ఇవాళ్టికి మూడు పిందెలు నిలిచాయి.
ఒకటి పిడికిలి దాటింది.
దానికింద ఎండుగడ్డి సర్దుతుంటే
దించిన గేటు బొంగు మీద ఒక కోతి,
పిల్లని పొట్టకి కరిపించుకుని,
అటు గుణుపురం వైపోసారి, ఇటు గుమ్మడి వైపోసారి చూస్తూ,
బండెప్పుడు పోతుందా అని
మాలాగే కాచుక్కూచుంది.